గడప దాటిన అప్పు

ఇసాపట్నం పద్దులు: 9వ భాగం

కిందటి భాగంలో 1933 డిసెంబరు 19 దగ్గర ఆగాం. ఆ రోజు వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ మన రేవును ప్రారంభించాడు. ఉప్పుటేటి బురద తవ్వి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఓడలకు దారి తీసి, రెండు పాత ఓడల్ని సముద్రంలో ముంచి అలలకు అడ్డుకట్టగా నిలిపి కట్టిన రేవు అది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆరేళ్లపాటు ఆ పని చేసింది. 3 కోట్ల 78 లక్షల రూపాయలు ఖర్చయింది. మధ్య పరగణాల మాంగనీసు ఓడలెక్కడం కోసం పెట్టిన ఖర్చు. ఆ సొమ్ము పెట్టొచ్చా, పెట్టకూడదా అని ఈ ఊరి జాలరిపేటలో గానీ, బజారులో గానీ ఎవరూ ఎవర్నీ అడగలేదు. పరాయి ప్రభుత్వం అడుగుతుందని ఎవరూ ఎదురుచూడనూ లేదు.

ఈ వారం ఎనభై ఏడేళ్లు ఒక్క అడుగులో దాటి 2020కి వద్దాం. ఇప్పుడు ప్రభుత్వం మనది, ఓటు మనది. ఆ ఒక్క ఏడాదిలో రాష్ట్రం అప్పు చేసే హద్దు ఢిల్లీలో ఒకసారి, అమరావతిలో ఒకసారి పెరిగింది. ఆ పెంపు తిరిగి తిరిగి విశాఖలో ప్రతి ఇంటి గుమ్మంలోకీ వచ్చింది. వచ్చిందని మాత్రం చాలామందికి తెలియలేదు. ఎందుకంటే దాని మీద అప్పు అన్న మాట లేదు. ఇంటి పన్ను అని ఉంది.

ఇంటి పన్ను కాగితం

మన దగ్గర ఇంటి పన్ను ఆరు నెలలకొకసారి కడతాం. పాత పద్ధతిలో ఆ పన్నుకు ఆధారం అద్దె. మీరు ఆ ఇంట్లో మీరే ఉన్నా సరే, దాన్ని అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో లెక్కగట్టేవారు. ఇల్లు ఏ వీధిలో ఉంది, పెంకుటిల్లా, శ్లాబు ఇల్లా, ఎన్ని గదులు, ఎంత పాతది అని చూసి వార్షిక అద్దె విలువ వేసేవారు. ఆ విలువలో ఒక వాటా పన్ను.

2021 ఏప్రిల్ 1 నుంచి ఆధారం మారింది. ఇంటి అద్దె పోయి ఇంటి ధర వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మీ వీధికి గజం ఎంతని రాసి ఉందో దాన్నిబట్టి స్థలానికీ కట్టడానికీ విలువ కడతారు. నివాస గృహాలకైతే ఆ విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్య, దుకాణాల వంటి వాటికైతే 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను వేయొచ్చని చట్టం చెప్పింది. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలు. పాత పన్ను మీద ఒక్క ఏడాదిలో 15 శాతానికి మించి పెంచబోమని ప్రభుత్వం కట్టుబాటు పెట్టుకుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకు. ఒక ఇంటికి పాత పన్ను ఏడాదికి 2,000 రూపాయలు అనుకుందాం. కొత్త లెక్కలో ఆ ఇంటి విలువ 30 లక్షలు, పన్ను రేటు 0.15 శాతం. అంటే 4,500 రూపాయలు. ఒకేసారి 4,500 అడగరు. మొదటి ఏడు 2,300. రెండో ఏడు 2,645. మూడో ఏడు 3,042. నాలుగో ఏడు 3,498. అయిదో ఏడు 4,023. ఆరో ఏటికి 4,500 దగ్గర నిలుస్తుంది. నిలుస్తుందన్నా, ఈలోపు రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే ఆ 4,500 కూడా పైకి జరుగుతుంది. సముద్రం పక్కన ఊరు, కొండల మధ్య ఇరుక్కున్న భూమి. ఇక్కడ గజం ధర వెనక్కి వెళ్లడం మనలో ఎవరం చూశాం? తాత కట్టిన ఇంట్లో పింఛనుతో బతికే మనిషికి ధర పెరిగితే ఆదాయమేమీ పెరగదు, పన్ను మాత్రం పెరుగుతుంది. కంచరపాలెంలోనైనా, మల్కాపురంలోనైనా అందరూ పట్టుకున్న ముడి ఇదే.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. నివాస గృహాల పన్నును అంతకుముందు అందరికీ కలిపి సవరించింది 2002లో. దాదాపు ఇరవై ఏళ్లు. ఈలోపు ఊరు గాజువాకను, చుట్టుపక్కల పల్లెలను కలుపుకొని 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అయింది. రోడ్లు, నీటి గొట్టాలు, మురుగు కాలువల ఖర్చు ఇరవై ఏళ్ల కిందటి ధరల్లో తీరదు. పన్ను సవరించాలన్న మాటలో న్యాయం ఉంది. సవరణ ఎందుకు ఆ ఏడాదే, ఆ పద్ధతిలోనే వచ్చింది అన్నది మన ప్రశ్న. జవాబు కోసం ముందు ఒక పాత గడప దగ్గరికి వెళ్లాలి.

గడప కట్టినవాళ్లు

ఇంట్లో ఎవరైనా పెద్ద అప్పు చేయాలంటే నలుగురికీ చెప్పి చేస్తారు. పొలం కాగితాలు తాకట్టు పెట్టాలంటే అన్నదమ్ముల సంతకాలు కావాలి. మన రాజ్యాంగం రాసినవాళ్లు ఈ నీతినే రెండు అధికరణాల్లో పెట్టారు. కేంద్రానికి 292, రాష్ట్రాలకు 293.

293వ అధికరణం మొదటి భాగం ఏమంటుందంటే, రాష్ట్ర ప్రభుత్వం తన సంచిత నిధిని హామీగా చూపి దేశం లోపల అప్పు తేవొచ్చు. ఎంతవరకు తేవొచ్చో శాసనసభ చట్టం చేసి హద్దు పెట్టొచ్చు. ఇంకొకరి అప్పుకు రాష్ట్రం జామీను ఉండాలన్నా అంతే. మూడో భాగం ఇంకో తాళం వేసింది. కేంద్రం నుంచి తెచ్చిన అప్పు రాష్ట్రం నెత్తిన ఇంకా మిగిలి ఉంటే, కేంద్రం ఒప్పుకోకుండా కొత్త అప్పు చేయకూడదు. దేశంలో పెద్ద రాష్ట్రాలన్నీ కేంద్రానికి బాకీ ఉన్నాయి కాబట్టి ఈ రెండో తాళం చెవి ఎప్పుడూ ఢిల్లీలోనే ఉంటుంది.

1949 ఆగస్టులో రాజ్యాంగ సభ ఈ అప్పుల అధికరణాన్ని చర్చించినప్పుడు, హద్దు పెట్టే అధికారం ఇచ్చి ఊరుకుంటే చాలదు, చట్టసభ నిజంగా హద్దు పెట్టాలని సభ్యులు పట్టుబట్టారు. అవసరమైతే ఏటా ఒక అప్పు చట్టం చేసి, ఆ ఏడాది ప్రభుత్వం ఎంత తేవొచ్చో పార్లమెంటు నిర్ణయించవచ్చని అంబేడ్కర్ ఒప్పుకున్నారు. భవిష్యత్తులో ఏ పార్లమెంటూ ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోదని ఆయన నమ్మారు.

ఆ నమ్మకం నెరవేరడానికి యాభై ఏళ్లు దాటింది. కేంద్రం 2003లో ద్రవ్య బాధ్యత చట్టం చేసింది. రాష్ట్రాలు కూడా అలాంటి చట్టం చేస్తే పాత బాకీల్లో వెసులుబాటు ఇవ్వొచ్చని 12వ ఆర్థిక సంఘం సూచించింది. దాని అధ్యక్షుడు సి.రంగరాజన్, అంతకుముందు మన రాష్ట్రానికే గవర్నరుగా పనిచేసినవారు. ఆ దారిలోనే ఆంధ్రప్రదేశ్ 2005లో తన చట్టం చేసుకుంది. ఏడాది ద్రవ్యలోటు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం మించకూడదు. ప్రభుత్వం ఇచ్చే పూచీలు ముందటి ఏడాది రెవెన్యూ రాబడిలో 90 శాతం మించకూడదు. మన గడప ఎత్తు అది.

పూచీ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పక్కింటాయన అప్పుకు మనం జామీను సంతకం పెడితే ఆ రోజు మన జేబులోంచి రూపాయి కూడా పోదు. అందుకే చేయి వణకదు. ఆయన కట్టలేని రోజున ఇచ్చినవాడు మన తలుపు కొడతాడు. ప్రభుత్వ కార్పొరేషన్ల అప్పులకు రాష్ట్రం ఇచ్చే పూచీ సరిగ్గా ఇలాంటిదే. పద్దులో అప్పుగా కనిపించదు, కట్టాల్సిన రోజున అప్పే అవుతుంది.

2020 మే

ఆ మే నెల విశాఖ ఎప్పటికీ మరిచిపోదు. మార్చి నెలాఖరు నుంచి లాక్‌డౌన్. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి పాకింది. నిద్రలో ఉన్న మనుషులు లేచి పరుగెత్తి దారిలోనే కూలిపోయారు. ఊరు ఇంకా ఆ దుఃఖంలో ఉంది.

పది రోజుల తర్వాత, మే 17న, ఢిల్లీలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆత్మనిర్భర్ ప్యాకేజీ చివరి విడత ప్రకటించారు. అందులో ఒక అంశం రాష్ట్రాల అప్పు గురించి. ఆ ఒక్క ఏడాదికి, అంటే 2020–21కి, హద్దును 3 శాతం నుంచి 5 శాతానికి పెంచారు. దుకాణాలు మూతపడ్డాయి, పన్నులు రావడం లేదు, ఆసుపత్రులకూ రేషనుకూ ఖర్చు పెరిగింది. అప్పు తేకపోతే జీతాలు కూడా కష్టం. హద్దు పెంచడం అవసరమే. ఇందులో ఎవరూ తప్పుపట్టాల్సింది లేదు.

అయితే పెంచిన 2 శాతంలో షరతు లేకుండా ఇచ్చింది అరశాతం మాత్రమే. ఒక శాతాన్ని నాలుగు పావులు చేసి ఒక్కో పావును ఒక్కో సంస్కరణకు కట్టారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు. వ్యాపార అనుమతుల సరళీకరణ. కరెంటు పంపిణీ. నాలుగోది పురపాలక సంఘాలు. నాలుగింటిలో మూడు పూర్తి చేస్తే మిగతా అరశాతం.

నాలుగో షరతు చదివితే మన ఇంటి పన్ను కాగితం పుట్టిల్లు తెలుస్తుంది. ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు తగినట్టు ప్రకటించాలి. మంచినీరు, డ్రైనేజీ, మురుగునీటి పారుదలకు కూడా ఇప్పటి ఖర్చును బట్టి కనీస చార్జీలు పెట్టాలి. ధరలతో పాటు వాటిని ఎప్పటికప్పుడు పెంచే ఏర్పాటు చేయాలి. ఇవి చేసిన రాష్ట్రానికే స్థూల ఉత్పత్తిలో పావు శాతం అదనపు అప్పు.

2,525 కోట్లు

2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పురపాలక చట్టాలను సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వెంటనే జీవోలు వచ్చాయి. 196, 197, 198. తర్వాతి నెలల్లో జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర జరిగిన ధర్నాల్లో ఈ మూడు అంకెలే అట్టల మీద కనిపించాయి. నీళ్లకూ డ్రైనేజీకీ ఆస్తి పన్నుకూ కొత్త రూపం ఇచ్చిన ఉత్తర్వులు ఇవి.

2021 జనవరి మొదటి వారంలో కేంద్ర ఆర్థిక శాఖ ఒక ప్రకటన చేసింది. పురపాలక సంస్కరణలు దేశంలో మొదట పూర్తి చేసిన రాష్ట్రాలు రెండు, ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. ఆ రెండింటికీ కలిపి 4,898 కోట్ల అదనపు అప్పుకు అనుమతి. అందులో మన వాటా 2,525 కోట్లు. మూడు సంస్కరణలు పూర్తి చేసినందుకు ఆ నెలలోనే మూలధన పనుల కోసం మరో 344 కోట్లు మనకు మంజూరయ్యాయి.

2,525 కోట్లు అంటే స్థూల ఉత్పత్తిలో పావు శాతం. అది ఆదాయం కాదు, గ్రాంటు కాదు. అప్పు తెచ్చుకోవడానికి దొరికిన అనుమతి. ఆ అనుమతికి మూల్యంగా ఊళ్లలోని ఇళ్ల మీద శాశ్వతంగా కొత్త పన్ను పద్ధతి వచ్చింది. హద్దు పెంచింది ఒక్క ఏడాదికి. పన్ను పద్ధతి మాత్రం ఆ ఏడాదితో పోలేదు.

రెండో తాళం సంగతి ఇది. మొదటి తాళం శాసనసభది. 2020 నవంబరు 30 నుంచి డిసెంబరు 4 దాకా అయిదు రోజులపాటు జరిగిన శీతాకాల సమావేశాల్లో ద్రవ్య బాధ్యత చట్టానికి సవరణ ఆమోదం పొందింది. ద్రవ్యలోటు హద్దు కేంద్రం చెప్పినట్టు పెరిగింది. దాంతోపాటు పూచీల హద్దు కూడా పెరిగింది, 90 శాతం నుంచి 180 శాతానికి. సరిగ్గా రెండింతలు. పెంపు కరోనా ఏడాదిలో జరిగింది కాబట్టి లోటు మాటకు అందరికీ కారణం తెలుసు. జామీను ఎందుకు రెండింతలైందో రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో మాట్లాడుకున్నారు?

మరి విశాఖ తరఫున నిలబడి అడగాల్సిన నగర పాలకమండలి అప్పుడు ఏం చేస్తోంది? అసలు పాలకమండలే లేదు. 2007లో ఎన్నికైన సభ గడువు 2012లో తీరింది. ఆ తర్వాత ఎన్నిక లేదు. అధికారులే ఊరు నడిపారు. 2020 మార్చిలో ఎన్నికలు మొదలై, కరోనా రావడంతో నామినేషన్ల దశలోనే ఆగిపోయాయి. ఆస్తి పన్ను ఆర్డినెన్స్ వచ్చిన రోజుకు, అప్పు అనుమతి వచ్చిన రోజుకు, ఇరవై లక్షల మంది ఊళ్లో ఒక్క కార్పొరేటరు కూడా పదవిలో లేడు.

మార్చి 10

చివరికి ఓటు వచ్చింది. 2021 మార్చి 10. విశాఖలో 98 వార్డులు. కానీ ఆ ఓటుకు ఆరు వారాల ముందు, జనవరి 27న, ఉక్కు కర్మాగారంలో వాటాలు నూటికి నూరు శాతం అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఊరు కుతకుతలాడింది. కూర్మన్నపాలెం కూడలిలో కార్మికుల నిరాహార దీక్షల శిబిరం మొదలైంది. 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారం, 64 ఊళ్లు ఖాళీ చేసి భూములిచ్చిన కర్మాగారం. ఆ ఎన్నికల్లో ఏ వీధిలో ఏ మైకు విన్నా ఉక్కు మాటే.

మార్చి 14న ఫలితాలు వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 58, తెలుగుదేశానికి 30, జనసేనకు 3, బీజేపీ, సీపీఐ, సీపీఎంలకు ఒక్కొక్కటి, స్వతంత్రులకు 4. తొమ్మిదేళ్ల తర్వాత ఊరికి మేయర్ వచ్చారు, గొలగాని హరి వెంకట కుమారి. కొత్త పాలకమండలి కూర్చున్న కొన్ని వారాలకే కొత్త ఆస్తి పన్ను అమల్లోకి వచ్చింది. జూన్‌లో అభ్యంతరాలు చెప్పమన్నారు. నివాసుల సంఘాలు, ప్రతిపక్షాలు వీధికెక్కాయి.  అక్టోబరులో ఇంటింటి చెత్త సేకరణకు చార్జీలు మొదలయ్యాయి. వాటి మీద ఎంత ఆగ్రహం పెరిగిందంటే 2024లో కొత్త ప్రభుత్వం రాగానే ఎత్తేసింది.

ఓటు ఉంది, ఓటరు ఉన్నాడు, ఓటు వేశాడు. కానీ అప్పు హద్దు అన్న ప్రశ్న ఏ చీటీ మీదా లేదు. కార్పొరేటరును ఎన్నుకోమన్నారు. కార్పొరేటరు చేతిలో లేని నిర్ణయం అప్పటికే అయిపోయింది.

అడిగే ఊళ్లు

ఈ ప్రశ్నను చీటీ మీద పెట్టి అడిగే చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికా రాష్ట్రాల్లో చాలా వాటికి ఆ అలవాటు ఉంది. అది వాళ్లకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. వాళ్లను దెబ్బతీసింది కూడా మన రేవులాంటి పనులే.

1825లో న్యూయార్క్ రాష్ట్రం ఈరీ కాలువను పూర్తి చేసింది. అది లాభాలు కురిపించింది. చూసి మిగతా రాష్ట్రాలకు ఆశ పుట్టింది. కాలువలు, రైలు దారులు, బ్యాంకులు అంటూ ఎడాపెడా అప్పులు చేశాయి. పన్ను వేయక్కర్లేదు, కాలువ సుంకంతోనే అప్పు తీరిపోతుందని ప్రజలకు నచ్చజెప్పారు. 1837లో సంక్షోభం వచ్చింది. 1840ల మొదటి ఏళ్లలో ఎనిమిది రాష్ట్రాలు వాయిదాలు కట్టలేక చేతులెత్తేశాయి.

ఆ అవమానంలోంచి కొత్త నియమాలు పుట్టాయి. 1842లో రోడ్ ఐలండ్ తన రాజ్యాంగంలో రాసుకుంది, ప్రజల స్పష్టమైన అంగీకారం లేకుండా చట్టసభ 50 వేల డాలర్లకు మించి అప్పు చేయకూడదని. యుద్ధ సమయానికి మినహాయింపు. 1846లో న్యూయార్క్ ఇంకా గట్టి నియమం పెట్టింది. పెద్ద అప్పు చేయాలంటే ఏ ఒక్క పని కోసమో చెప్పాలి, దాన్ని ఎలా తీరుస్తారో చెప్పాలి, సాధారణ ఎన్నికల్లో ప్రజల ముందు పెట్టి ఒప్పించుకోవాలి. ఒక పని, ఒక అప్పు, ఒక ప్రశ్న. బడికో, వంతెనకో, నీటి పథకానికో అప్పు చేయాలా వద్దా అని అక్కడి ఓటరు ఇవాళ్టికీ చీటీ మీద గుర్తు పెడుతున్నాడు.

అక్కడా దొడ్డిదారులు వెతికారు, అదీ మనం తెలుసుకోవాల్సిన కథే. న్యూయార్క్‌లో ఇళ్ల నిర్మాణానికి అప్పు కావాలని అడిగితే ఓటర్లు పదేపదే వద్దన్నారు. అప్పుడు గవర్నరు నెల్సన్ రాక్‌ఫెల్లర్ ప్రభుత్వం 1968లో పట్టణాభివృద్ధి కార్పొరేషన్ అని ఒకటి పెట్టింది. అప్పు కార్పొరేషన్‌ది, రాష్ట్రానిది కాదు, అందుకని ఓటు అక్కర్లేదు. రాష్ట్రానిది నైతిక బాధ్యత మాత్రమే అన్నారు. 1975 ఫిబ్రవరిలో ఆ కార్పొరేషన్ వాయిదా కట్టలేకపోయింది. రాష్ట్రమే దిగివచ్చి నిలబెట్టాల్సి వచ్చింది.

మన కార్పొరేషన్, మన ఆస్తులు

ఇది చదువుతుంటే విశాఖ మనిషికి గుండెలో ఏదో కదలాలి. సరిగ్గా 2020లోనే మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ ఒక చట్టంతో పుట్టింది. మద్యం మీద వచ్చే పన్ను ఆదాయంలో కొంత భాగాన్ని దానికి మళ్లించి, ఆ రాబడిని హామీగా చూపి స్టేట్ బ్యాంకు ముందుండగా బ్యాంకుల కూటమి నుంచి వేల కోట్లు తెచ్చారు. ఆ అప్పుకు హామీగా విశాఖలోని ప్రభుత్వ ఆస్తులు కొన్నింటిని కూడా తాకట్టు పెట్టారు. సంగతి బయటికొచ్చాక ఊరు నివ్వెరపోయింది. రోజూ పనుల మీద వెళ్లివచ్చే ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలు బ్యాంకు కాగితాల్లో ఉన్నాయని పేపర్లో చదివి తెలుసుకున్నాం. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది.

సంక్షేమ పథకాలకు ఆ డబ్బు వాడామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఆ పథకాల సొమ్ము పేద ఇళ్లకు చేరిన మాట నిజం. అయినా తాకట్టు కాగితం మీద సంతకం ఎవరి పేరున పడిందో వాళ్లకు ముందు చెప్పాలన్న నీతి చెరిగిపోదు. 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ రాష్ట్రాలన్నిటికీ ఉత్తరం రాసింది. అసలు గానీ వడ్డీ గానీ రాష్ట్ర బడ్జెట్ నుంచి కట్టే కార్పొరేషన్ అప్పులను 293వ అధికరణం కింద రాష్ట్రం అప్పుగానే లెక్కిస్తామని. న్యూయార్క్ 1975లో నేర్చుకున్న పాఠం మనకు అలా కాగితం మీదికి వచ్చింది.

ఆ ఉత్తరం ఒక వైపు న్యాయం చేసి మరో వైపు తగువు పెంచింది. హద్దు పేరుతో కేంద్రం తమ గొంతు నొక్కుతోందని కేరళ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్ 1న ఆ కేసును రాజ్యాంగ ధర్మాసనానికి అప్పగించారు. 293వ అధికరణం మీద అంత పెద్ద ధర్మాసనం తీర్పు చెప్పాల్సి రావడం ఇదే మొదటిసారి. ఢిల్లీకి ఎంత అధికారం, రాష్ట్రానికి ఎంత అధికారం అన్నది అక్కడ తేలుతుంది. పన్ను కట్టేవాడికి ఎంత అధికారం అన్న ప్రశ్న మాత్రం ఆ కేసులో కూడా లేదు.

చీటీ మీద రాయాల్సిన ప్రశ్న

పద్దుల పుస్తకాలు తిరగేస్తూ ఈ ధారావాహిక రాస్తున్నప్పుడు నాకు ఒకటే మాట మళ్లీ మళ్లీ తట్టింది. అప్పు హద్దును గోడ అనుకుంటే పాలకులకు చిరాకు వస్తుంది, దూకాలనిపిస్తుంది. దాన్ని గడప అనుకోవాలి. దాటకూడదని గడప కట్టరు. దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇంట్లోవాళ్లను పిలిచి, చెప్పి దాటాలని కడతారు. పసుపు రాసి, బొట్టుపెట్టి గడపను గౌరవించే ఇళ్ల మనుషులం మనం.

2020 చివర్లో విశాఖ ఓటరు చేతికి ఒక చీటీ ఇచ్చి ఉంటే దాని మీద ఏం రాయాలి? నేను రాసి చూసుకున్నాను.

కరోనా వల్ల రాష్ట్రానికి రాబడి పడిపోయింది. ఆసుపత్రులకూ జీతాలకూ డబ్బు కావాలి. 2,525 కోట్లు అదనంగా అప్పు తెచ్చుకునే వీలుంది. బదులుగా మీ ఇంటి పన్నును ఇంటి విలువతో ముడిపెట్టాలి, అది ఏటా 15 శాతం దాకా పెరగొచ్చు. అప్పు ఈ ఒక్క ఏడాది వెసులుబాటు. పన్ను శాశ్వతం. ఒప్పుకుంటారా?

ఏడు వాక్యాలే. చదవడానికి ఒక నిమిషం. ఇందులో రిజిస్ట్రేషన్ గుమాస్తాకు తప్ప అర్థంకాని మాట ఒక్కటీ లేదు. ఏం జవాబు వచ్చేదో నేను చెప్పలేను. కానీ ఈ ఊరి సంగతి నాకు తెలుసు. ఉక్కు కోసం తూటాలకు ఎదురు నిలబడినవాళ్లు, కర్మాగారానికి భూమి కావాలంటే ఇల్లూ గుడీ వదిలి కదిలినవాళ్లు. ఆపద ఏడాదిలో మన వంతు మోయమని ముఖం చూసి అడిగితే చాలామంది మోసేవారే. అడిగిన భారాన్ని ఈ ఊరు ఎప్పుడూ దించుకోలేదు. చెప్పకుండా నెత్తిన పెట్టిన భారానికే గాంధీ విగ్రహం దగ్గర అన్ని ధర్నాలు జరిగాయి.

మన చట్టంలో ఇలాంటి ఓటు లేదు. దానికి రాజ్యాంగ సవరణ కావాలి, అది ఎప్పటి మాటో. కానీ చట్టం మారకుండానే చేయగలిగినవి ఉన్నాయి. పూచీల హద్దు పెంచే బిల్లు సభకు వచ్చే ముందు ఏ కార్పొరేషన్‌కు ఎంత జామీను ఉన్నామో జిల్లాల వారీగా తెలుగులో అచ్చువేయొచ్చు. ఊరి ఆస్తి తాకట్టు పెట్టే ముందు ఆ ఊరి పాలకమండలిలో చర్చకు పెట్టొచ్చు. పాలకమండలే లేని ఊరి మీద కొత్త పన్ను వేయకుండా ఎన్నిక జరిగేదాకా ఆగొచ్చు. ఆరు నెలలకొకసారి వచ్చే ఇంటి పన్ను కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. రాష్ట్రం నెత్తిన ఎంత అప్పుందో, అందులో ఏ పనికి ఎంత తెచ్చారో అక్కడ నాలుగు వరసల్లో రాయొచ్చు. అంబేడ్కర్ 1949లో ఊహించిన ఏటేటా అప్పు చట్టం ఇప్పటికీ రాలేదు. ఏటేటా అప్పు కాగితమైనా ఇంటికి రావాలి.

1933లో మన రేవు పద్దు వైస్రాయి కచేరీలో రాశారు. మనం చూడలేదు, చూడనివ్వలేదు. 2020లో రాసిన పద్దు మన సభలో, మన ఓటుతో వెళ్లినవాళ్లు రాశారు. దాన్ని చూసే హక్కు మనకుంది. ఈసారి పన్ను కాగితం వచ్చినప్పుడు కట్టి పక్కన పెట్టేయకండి. మొత్తం పక్కన ఆధారం ఏమని రాశారో చూడండి. ఆ ఒక్క అంకె వెనకాల ఢిల్లీ ఉత్తరం ఒకటి, అమరావతి చట్టం ఒకటి ఉన్నాయని ఇంట్లో పిల్లలకు చెప్పండి.

*వచ్చే భాగం: ఉక్కు పద్దు. సొంత గనులు లేకుండా పుట్టిన కర్మాగారం ఎవరి దగ్గర ఎంత బాకీ పడింది, 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్లలో మూలధనం ఎంత, పాత అప్పు ఎంత అన్నది చూద్దాం.*